గాలిలో మేనమామ

నీటికాకి హెలికాప్టర్ల దళం,
స్వర్ణోత్సవ సంచిక కార్యాలయం,
(చీరల కొట్టు మేడ మీద, మెట్లు వెనకవైపు)
విజయనగరం.
మార్చి 18

ఇసకమొగపేట గ్రామ పెద్దలకు నమస్కారాలు.

సముద్రం మీద కాపలా కాసే మా నీటికాకి దళానికి ఈ ఏడాదితో యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా దళం చరిత్రను తెలుగులో పుస్తకంగా తెస్తున్నాం. దాన్ని రాసే మహద్భాగ్యం, చరిత్రలో ఎం.ఏ. చేసి మూడేళ్లుగా ఖాళీగా ఉన్న నాకు దక్కింది.

తీరం పొడవునా నూట పన్నెండు ఊళ్లకు ఈ ఉత్తరం వెళుతోంది. దళంతో మీకున్న మధుర జ్ఞాపకాలను ఒక పేజీకి మించకుండా రాసి పంపండి. చేదు జ్ఞాపకాలకు పుస్తకంలో చోటు లేదు.

సంచిక సంఘం అధ్యక్షులు కమాండర్ దేవేంద్ర గారు (రిటైర్డ్) స్వహస్తాలతో రచించిన ఒక వాక్యాన్ని ప్రతి ఉత్తరంలోనూ చేర్చమన్నారు. చేరుస్తున్నాను: "ఈ దళం తీరంలోని ప్రతి స్త్రీనీ తన సొంత ఆడపడుచుగా భావిస్తుంది, వారి ప్రతి శుభకార్యంలోనూ పుట్టింటివారిలా నిలబడుతుంది."

ఇట్లు,
చరిత్ర కోసం మేడ మెట్లెక్కిన
ఉమాశంకర్

తా.క. పై వాక్యం రాయడానికి కమాండర్ గారికి నాలుగు రోజులు పట్టింది. కనుక దయచేసి మెచ్చుకోండి.

ఇసకమొగపేట
మార్చి 27

సంకరం బాబుకి అసిరమ్మ దీవించి రాయించేది.

బాబూ, మా ఊరికి ఏ ఉత్తరమొచ్చినా నాకే ఇస్తారు. పెద్దదాన్నని కాదు, ఇయ్యకపోతే నోరు పారేసుకుంటానని. నీ ఉత్తరం మా మనవరాలు గుంట మూడుసార్లు సదివినాది. పుట్టింటివారిలా నిలబడతాం అన్నకాడ నాను ఏడిసీసినాను. ఇరవై నాలుగేళ్లకి గేపకమొచ్చినామురా మీకు!

మర్సిపోయినారేమో, సెప్తాను ఇను. ఆ ఏడు కార్తీకంలో తుఫానొచ్చినాది. ఏరొకపక్క, సముద్రమొకపక్క. నానూ, నా కూతురు ఈశ్వరీ, దాని మూడు వారాల గుంటా బడి మేడ మీదికెక్కీసినాం. గుంటకి ఒళ్లు కాలిపోతన్నాది. అప్పుడొచ్చినాది మీ హెలికాప్టరు. తలుపుకాడ నిలబడ్డోడు ఇనప గంపని తాడుకి కట్టి దింపినాడు. గుంటని తడిసీరలో సుట్టి అందల పడుకోబెట్టినాను. పైకి లాగీసినాడు. మాకోసం మళ్లీ వస్తానని సెయ్యి ఊపినాడు. గాలి రానియ్యనేదు. మన్నాడు మమ్మల్ని పడవమీద తీసినారు. ఎల్లి సూస్తే గుంట ఆమదాలవలస ఆసుపత్రిలో నర్సమ్మ ఒళ్లో పాలు తాగతన్నాది.

నా కడుపున మగబిడ్డ నేదు. ఆ తాడు లాగినోడే నా కొడుకని ఆ రోజే గంగమ్మ తల్లికి మాటిచ్చీసినాను. నా కొడుకంటే ఈశ్వరికి తమ్ముడు కాదేటి? గుంటకి మేనమావ కాదేటి?

ఆ గుంటే మా గౌరి. మే ఎనిమిదిన పెళ్లి. వేట నిషేదం రోజులు కదా, మొగోళ్లంతా గట్టుమీదే ఉంటారని ఆ ముహూర్తం పెట్టినాం. పెళ్లికూతుర్ని గంపలో కూకోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చీది మేనమావే. అందుకని నా కొడుకుని పంపండి. గంప, పసుపు సీర, అరటి గెల మేనమావే తెచ్చుకోవాల. మీకు తెలీదేటి.

ఇట్లు
మీ ఆడపడుచు
అసిరమ్మ (వేలిముద్ర)

తా.క. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాయకపోతే కాగితం లాక్కుంటోంది. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చేశాను. నా తెలుగు ఇలా ఉండదని మనవి. గంపలో కూర్చోబోయేది నేనే. – గౌరి

మరో తా.క. పేజీకి మించకూడదన్నారని చెప్పాను. "ముందు సముద్రానికి సెప్పమను" అంది.

విజయనగరం
ఏప్రిల్ 2

శ్రీమతి అసిరమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. నూట పన్నెండు ఊళ్లలో జవాబిచ్చింది మీరొక్కరే. తక్కిన నూట పదకొండు ఊళ్ల విజ్ఞతకు జోహార్లు.

అమ్మా, ఒక అపార్థం తొలగించాలి. "ఆడపడుచు" అన్నది కమాండర్ గారి కవిహృదయం. ప్రభుత్వ ఉత్తరాల్లో ఇలాంటివి ఉప్పు చల్లినట్టు చల్లుతాం, ఎవరూ నమ్మరనే ధైర్యంతో. దళంలో పైలెట్లున్నారు, మెకానిక్కులున్నారు, ఒక క్షురకుడున్నాడు. మేనమామ అనే ఉద్యోగం మంజూరు కాలేదు.

పైగా మీరు ఊహించుకుంటున్న వీరగాథలు ఈ దళానికి లేవు. ఆర్నెల్లుగా దాని చరిత్ర తవ్వుతున్నవాణ్ణి, నాకు తెలుసు. మొదటి ఏడాది రెండు హెలికాప్టర్లు ఉండేవి. ఒకటి ఎగిరేది, రెండోది దానికి విడిభాగాలు ఇచ్చేది. నాలుగో ఏడాదికి రెండోదానికి తోక మాత్రమే మిగిలింది. వచ్చే నెల ఇక్కడి కాలేజీలో పెట్టే ప్రదర్శనలో ముఖ్య ఆకర్షణ ఆ తోకే. శత్రువుల జలాంతర్గాముల కోసం పదకొండేళ్లు గాలించి, మనవాళ్లు ఒక తిమింగలాన్నీ మునిగిపోయిన ఒక పంటు పడవనూ కనిపెట్టారు. తిమింగలం తప్పించుకుంది. ఒకసారి వరద చూపించడానికి ఒక మంత్రిగారిని ఎక్కిస్తే, ఆయన ఎక్కింది మొదలు దిగేదాకా కళ్లు మూసుకుని, దిగాక "నష్టాన్ని కళ్లారా చూశాను" అన్నారు. అది మూడో అధ్యాయం.

సామాన్ల రిజిస్టరని ఒకటుంది. అందులో తేదీ నీళ్లు పడి చెరిగిపోయిన ఒక పేజీలో ఇలా ఉంది: "గంప పరీక్ష. బరువు: మూడున్నర కిలోలు. ఫలితం: తృప్తికరం." చూశారా! కోట్లు పోసి కొన్న యంత్రం, మూడున్నర కిలోలు ఎత్తగలనని నిరూపించుకుని తృప్తి పడింది. ఏం పెట్టి ఎత్తారో! వంకాయలై ఉంటాయి. ఇలాంటి దళాన్ని పెళ్లికి పిలుస్తారా?

ఇట్లు,
మీ శ్రేయస్సు కోరి నిజం చెబుతున్న
ఉమాశంకర్

తా.క. ఈ ఆఫీసులో నాతోపాటు రికార్డు కీపర్ గంగరాజు గారని ఒకాయన ఉన్నారు. సాలూరు మనిషి, దళంలోనే చేసి రిటైరయ్యారు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడతారు, అందులో మూడు "ఊఁ". ప్రదర్శనలో పెట్టబోయే ఒక తుప్పు గంపను రోజూ నూనెగుడ్డతో తుడుస్తారు. దళం చరిత్ర అంతటిలో పనిచేస్తున్నట్టు నేను కళ్లారా చూసింది ఆయన చెయ్యొక్కటే.

ఇసకమొగపేట
ఏప్రిల్ 11

సంకరం, అసిరమ్మ రాయించేది.

ఉత్తరంలో ఆడపడుసు అని రాసీసి, పెళ్లికి పిలిస్తే కాదంటారేటి? మాట రాసీసినాక రాసినట్టే. మా ఊర్లో వొల గుంజుతుంటే తాడు ముట్టుకున్నోడు కూడా మావోడే. మీవోడు ఏకంగా గుంటని గుంజినాడు.

నువ్వు సదువుకున్న కుర్రోడివి, నీకు నా కట్టం తెలీదు. ఇరవై నాలుగేళ్లుగా ఊరందరికీ సెప్పుకొస్తన్నాను, మా గౌరికి మేనమావ గాల్లో ఉన్నాడని. పెళ్లికొడుకు మామ్మ ధనలక్ష్మి నేదూ, మూతి ఇలగ తిప్పి "ఏటొదినా, గాలి మేనమావ గాల్లోనే మోస్తాడేటి మనవరాల్ని?" అని సంతలో పదిమంది ముందు నవ్వినాది. "వస్తాడు, గంప పడతాడు, నీ మూతి సాపవుతాది" అన్నాను. ఇప్పుడు రాకపోతే నానేటవుతాను? అబద్దాలకోరునవుతాను. గుంట అత్తారింట్లో బతుకంతా ఆ మాటే పడతాది.

మీరు మర్యాద మర్సిపోయినా నాను మర్సిపోను. మేనమావ ఇంటికి తొలి పిలుపు ఎల్లాల. అందుకని పసుపుగుడ్డలో తాంబూలం కట్టి, నెత్తళ్లు, సావళ్లు, ఎండు సేపలన్నీ బుట్టెడు పార్సిలేసినాను. నా కొడుక్కి అందీయి. కార్తీక పున్నమికి ముందురోజు ఎవడెగిరినాడో పుస్తకంలో సూడు.

ఇట్లు,
అసిరమ్మ (వేలిముద్ర, ఈసారి గట్టిగా)

తా.క. వంకాయల మాట చదవగానే అమ్మమ్మ వాక్యం రాయించడం ఆపి ఐదు నిమిషాలు మిమ్మల్ని తిట్టింది. అవి రాయలేదు. నా చేతిరాతకు మర్యాద ఉంది. – గౌరి

విజయనగరం
ఏప్రిల్ 19

అసిరమ్మ గారికి,

మీ పార్సిలు అందింది. అందిన సంగతి నాకన్నా ముందు వీధికి తెలిసింది.

కింద చీరల కొట్టులో ఆ వేళ పెళ్లి బేరం జరుగుతోంది. ఎండలో వచ్చిన మీ నెత్తళ్లు మెట్ల మీద పది నిమిషాలు విశ్రమించాయి. పెళ్లివారు పట్టుచీర ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది ఏ సముద్రంలో నేశారు?" అని అడిగారట. కొట్టాయన పైకొచ్చి నా ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. దళం చరిత్రలో ఒక ఇంటిని ఖాళీ చేయించగలిగిన ఆయుధం ఇదే మొదటిసారి బయటపడింది. నాలుగో అధ్యాయంలో చేరుస్తాను.

ఇక మీ మేనమామ. పాత పంచాంగం సంపాదించి, కార్తీక పున్నమికి ముందురోజు పట్టుకుని, విమానాల రిజిస్టరు తీశాను. ఆ రోజు పేజీలో ఉన్నది ఒకే వాక్యం: "వాతావరణం బాగాలేదు. ఎవరూ ఎగరరాదు." కింద సంతకం, అప్పటి అధికారి, ఇప్పటి మా అధ్యక్షులు దేవేంద్ర గారిదే. ఆయన్ను అడిగాను. "నేను వద్దన్నాక ఎగిరేవాడు పుట్టలేదు" అన్నారు.

కనుక ఆ రోజు హెలికాప్టర్ ఎగరలేదు. ఎగరలేదు కనుక గంప దిగలేదు. దిగలేదు కనుక మీ మనవరాలు ఆమదాలవలస వెళ్లలేదు. చరిత్ర ప్రకారం మీరు ముగ్గురూ ఇప్పటికీ ఆ బడి మేడ మీదే ఉన్నారు. లిఖితపూర్వక ఉత్తర్వులు వచ్చేదాకా దయచేసి దిగకండి.

ఇట్లు,
సాక్ష్యాధారాలకు తప్ప దేనికీ లొంగని
ఉమాశంకర్

తా.క. పార్సిలు మున్సిపాలిటీ బండిలో వేయబోతుంటే గంగరాజు గారు లాక్కుని ఇంటికి పట్టుకుపోయారు, పసుపుగుడ్డతో సహా. మీ ఉత్తరం కూడా అడిగి చదువుకున్నారు. మర్నాడు కళ్లు ఎర్రగా ఉంటే ఏమైందన్నాను. "ఉప్పెక్కువైంది" అన్నారు. రెండు మాటలు! రికార్డు.

ఇసకమొగపేట
ఏప్రిల్ 27

ఓరి సంకరం,

దీవెన నేదు. ఈ ఉత్తరానికి దీవెన ఒగ్గీసినాను.

మేడమీద నుంచి దిగొద్దంటావా? దిగినాం కాబట్టే గుంటకి పెళ్లీడొచ్చినాది. నీ పుస్తకంలో నేకపోతే నాను మునిగిపోయినట్టా? నీ పుస్తకం మునిగిపోయినట్టు! సముద్రంలోకి ఒకపాలి కూడా దిగనోడివి, మేడమీద కూకుని సముద్రం సరిత్ర రాస్తన్నావు. నీకన్నా మా పడవకి రాసిన కన్ను నయం. దానికి సూపు నేదు గానీ, అది ఎల్లి తడిసొస్తాది.

నిన్న ఊరంతా కూడినాం. నీ ఉత్తరం పెద్దలముందు సదివించినాను. మా కులపెద్ద అసిరయ్య ఇని "ఎగరొద్దన్న సంతకం ఉంటే ఎగరనేదనీ అర్దం? మనకీ వేటకెల్లొద్దని సంతకం ఉన్నాది కదా, మరి నిన్న కూరేటి తిన్నాం?" అన్నాడు. సూసినావా, ఆడు బడికెల్లనేదు.

తీర్మానం ఏటంటే, మీరు మేనమావని పంపకపోతే నలబై మంది మొగోళ్లు మీ పెదర్సనకి వస్తారు. వేట నేదు, కాళీగానే ఉన్నారు. ఎగరొద్దని రాసినోడు ఉన్నాడు కదా, మీ పెద్దాపీసరు, ఆడినే తెచ్చి గంప కింద నిలబెడతాం.

అసిరమ్మ (వేలిముద్ర వెయ్యను, పో)

తా.క. ఉమాశంకర్ గారూ, ఇది నేను సొంతంగా రాస్తున్నాను. నాకు గంప అక్కర్లేదు, నడిచి వెళ్లి కూర్చోగలను. కాని అమ్మమ్మ వారం రోజులుగా సంతకు వెళ్లడం లేదు. నలభై ఏళ్లుగా చేపలమ్మిన చోటికి ధనలక్ష్మి గారి నవ్వుకు భయపడి పోవడం లేదు. చిన్నప్పటి నుంచి నాకు జ్వరమొస్తే ఆ గంప కథే చెప్పి పడుకోబెట్టేది. అది అబద్ధమని మీరు నిరూపిస్తే మీకు ఒక పేజీ పెరుగుతుంది. ఆమెకు ఏమీ మిగలదు. ఇంకొక్కసారి వెతకరా? – గౌరి

విజయనగరం
మే 5

అసిరమ్మ గారికీ, అసిరయ్య గారికీ, నలభై మంది మగవారికీ,

అభినందనలు. పని కానిచ్చారు.

గౌరి గారి తా.క. చదివి, నాలో ఉందని నేనే ఎరగని మంచితనం ఒకటి నిద్రలేచి, మళ్లీ మూడు రోజులు రిజిస్టర్లన్నీ తిరగేశాను. ఏమీ దొరకలేదు. ఈలోగా, ఈ పొద్దున ప్రదర్శన గది తెరిస్తే తోక ఉంది, గంప లేదు! వేటనిషేధంలో మీరు వేటకెళ్లింది విజయనగరానికన్నమాట. రేపు పదింటికి ప్రారంభం. గంప ఉండాల్సిన బల్ల మీద ఇప్పుడు కమాండర్ గారి నలభై రెండో ఫొటో పెట్టారు.

కమాండర్ గారు ఊగిపోతున్నారు. ఎవరి మీద అనుమానమని అడిగితే, మీ బెదిరింపు ఉత్తరం చూపించక తప్పలేదు. "జాతి సంపదను పెళ్లిసామాను చేస్తారా?" అన్నారు. ఎనిమిదో తేదీ ముహూర్తం లోపల గంప తిరిగి రాకపోతే పోలీసులతో పందిట్లోకే వస్తామని మీకు తెలియజేయమన్నారు. తెలియజేశాను.

ఒక్క మాట మాత్రం అడగాలని ఉంది. గది తాళం పగలలేదు. లోపలికి ఎలా వెళ్లారు? తాళంచెవి ఒక్కటే, అది గంగరాజు గారి దగ్గరే ఉంటుంది; మొన్న సాయంత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లారు. ఆయన్ని అనుమానించడం తోకను అనుమానించడంతో సమానం.

ఇట్లు,
ఉమాశంకర్

తా.క. ఆయన నిన్నటి నుంచి సెలవు. చీటీలో కారణం "ఇంట్లో శుభకార్యం" అని ఉంది. పెళ్లాం పిల్లలు లేని మనిషికి శుభకార్యమేమిటో! నడుం నొప్పి అని రాయడానికి మొహమాటపడి ఉంటారు.

ఇసకమొగపేట
మే 10

సిరంజీవి సంకరానికి, అసిరమ్మ కడుపునిండా దీవించి రాయించేది.

నీ ఉత్తరం సరిగ్గా పందిట్లోకే వచ్చినాది. పోలీసులు రానేదు. వస్తే బోజనం పెడుదుము.

ఏటైనాదో ఇను. ముహూర్తం దగ్గర పడిపోయినాది. గుంటని ముస్తాబు సేసి గుమ్మంకాడ నిలబెట్టినాం. ధనలక్ష్మి కుర్సీలో కూకుని మీదికి సూస్తన్నాది, ఆకాసంలోకి. "ఏటొదినా, మబ్బుల్లేవే, మీవోడికి దారి తెలీనేదేటి?" అంటన్నాది. అందరూ నవ్వినారు. నాను తల దించీసినాను సంకరం. ఎప్పుడూ దించనేదు.

అప్పుడొచ్చినాది లారీ, సాలూరుది. దానిమీంచి ఒకడు దిగినాడు. నెత్తిమీద ఇనప గంప, సంకన పసుపుగుడ్డ, ఎనకాల కిలీనరు సేతిలో అరటి గెల. నాను కట్టి పంపిన పసుపుగుడ్డే! తిన్నగా నా కాడికొచ్చి గంప దించి కాళ్లకి దండం పెట్టినాడు.

"అమ్మా, మళ్లీ వస్తానని సెయ్యూపినాను. గాలి తగ్గడానికి ఇరవై నాలుగేళ్లు పట్టినాది" అన్నాడు.

ఆడు మీ గంగరాజు. నీ ఎదర బల్లకాడ కూకున్నోడు!

ఆ రోజు ఎగరొద్దని మీ పెద్దాపీసరు సంతకం పెట్టీసి ఇంటికి పోయినాడంట. మేడమీద జనం ఉన్నారని తెలిసి గిరిబాబు సారని పైలెట్టు హెలికాప్టరు తీసుకెల్లినాడంట, తాడు ఈడు పట్టినాడంట. తెలిస్తే గిరిబాబు ఉద్యోగం పోతాదని, నోరిప్పనని ఒట్టేసినాడంట. గంప తడిసిపోయినాది కాబట్టి సామాన్ల పుస్తకంలో ఏదోటి రాయాల కదా. "గంప పరీక్ష" అని రాసినాడు. వంకాయలు కాదురా సంకరం, మా గౌరి! గిరిబాబు సారు పోయి ఆరేళ్లైనాది. ఒట్టు మాత్రం ఉండిపోయినాది. నా నెత్తళ్లు తిన్నాక ఒట్టు ఆగనేదంట.

గుంటని ఆ గంపలోనే కూకోబెట్టి, అసిరయ్య ఓ పక్క పడితే పందిట్లోకి తెచ్చినాడు. ధనలక్ష్మి మూతి సాపైనాది. నిన్న సంతకెల్లినాను.

గంప లారీలోనే తిరిగి పంపుతన్నాను, పెళ్లి అరిసెలు ఏసి. నువ్వు సరిత్ర రాసినా మానినా పరవానేదు. రాస్తే మునిగిపోయినోళ్ల పెళ్లి బాగా జరిగిందని రాయి.

ఇట్లు,
చరిత్ర ప్రకారం ఇంకా మేడమీదే ఉన్న
అసిరమ్మ (రెండు వేలిముద్రలు, ఒకటి బాకీ ఉన్నాది)

తా.క. పైన "చరిత్ర ప్రకారం" అన్న మాట అమ్మమ్మకు నేనే నేర్పాను. నా పెళ్లి నా చేతే రాయించింది; అత్తారింటి నుంచి పిలిపించి మరీ. – గౌరి

మరో తా.క. ఉమాశంకర్, సామాన్ల రిజిస్టరులో నేను రాసినది ఒకటి తప్పు. మూడున్నర కిలోలు తడిచీరతో కలిపి. నర్సు చెప్పింది, పిల్ల ఒక్కతే అయితే రెండుముప్పావు. చరిత్రలో దిద్దండి. కిందిది కొత్త పేజీలో ఎక్కించండి. తేదీ ఈసారి చెరిగిపోకుండా వేయండి:

"మే 8. గంప పరీక్ష, రెండవది. బరువు: యాభై ఆరు కిలోలు, నగలు కాక. ఫలితం: తృప్తికరం. నడుం: తృప్తికరం కాదు. సెలవు ఇంకో వారం పొడిగించగోరుతాను. కారణం: అమ్మ పంపడం లేదు. – గంగరాజు"